ఉస్తాద్ అమెరికా బండి వైపు మారిన ఏడాది

ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు పట్టే ముందు నా చెవుల్లో గాజులు గలగలమంటాయి. ఆడవాళ్ల చేతి గాజులు కావు, చెక్క పెట్టెల్లో గడ్డి మధ్య పేర్చిన గాజులు. యుద్ధం జరుగుతున్న రోజుల్లో, యాకుత్‌పురా స్టేషన్‌లో రైలు దిగిన ఆ పెట్టెలను లాడ్ బజార్‌కు చేర్చే లారీ డ్రైవర్లలో నేనొకణ్ణి. దారి పొడవునా వెనకాల అవి సన్నగా మోగుతూనే ఉండేవి. దుమ్ము ఎండలో పచ్చగా లేచేది. ముందు పోయే టాంగా ఆ దుమ్ములో కరిగిపోయి, మళ్లీ ఎక్కడో తేలేది. బండి నడుపుతున్నానో కల కంటున్నానో నాకే తెలిసేది కాదు. ఆ వయసే అట్లాంటిది లెండి.

మా సేటుకు రెండు లారీలు. ఒకటి అమెరికా నుంచి వచ్చింది, ఇంకోటి విలాయత్ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి. కంపెనీల పేర్లు ఎవడిక్కావాలి, అమెరికా బండి, విలాయతి బండి అనేవాళ్లం, అంతే. విలాయతి బండి నేను నడిపేవాణ్ణి. అమెరికా బండి మా ఉస్తాద్ చేతిలో ఉండేది. నాకు స్టీరింగ్ పట్టడం నేర్పిన మనిషి ఆయన. మా బాపుకంటే అయిదారేళ్లు పెద్ద. వయసులో ఉన్నప్పుడు ఒక నవాబు గారి మోటారు నడిపాడట. బండి నడపడం తప్ప ఆయనకు ఇంకో పని రాదు, రావాలని కోరుకోనూ లేదు.

స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో డ్రైవర్లందరం చేరేవాళ్లం. పెట్రోలు కూపన్ల మీద దొరికే కాలం. బండ్లు సగం రోజు ఊరికే నిలబడేవి. మా నోళ్లకు మాత్రం కూపన్ల బాధ లేదు. ఏ బండి మంచిది అనే లొల్లి పొద్దున మొదలైతే ఒంటిగంటకు కూడా తెగేది కాదు.

"విలాయతి బండికి ఎంత మోపినా కిక్కురుమనదే!" అని నేను.

"కిక్కురుమనదు, కదలదు గూడ," అని లాల్‌దర్వాజా డ్రైవరన్న ఒకడు నన్ను ఏడిపించేవాడు. "అమెరికా బండి ఎక్కి చూడు తమ్మీ, గాలిల పోయినట్టుంటది. లాడ్ బజార్ల పెట్టె ఇప్పితే ఒక్క గాజు పగలదు."

మా దగ్గర బండి మంచిచెడ్డలకు అదే అసలు పరీక్ష. ఎంత బరువు లాగింది, ఎంత దూరం పోయింది అన్నవి తర్వాత. గాజు పగిలిందా లేదా?

ఎంత అరుచుకున్నా చివరికి అందరం ఉస్తాద్ మొహం వైపే చూసేవాళ్లం. ఆయన చెవి అంటే పాతబస్తీ డ్రైవర్లందరికీ గురి. మరలు తిప్పే పేచ్‌కస్, మూరెడు పొడవుది, దాని మొన ఇంజన్ మీద ఆనించి, కర్ర పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. లోపల ఏ ముక్క అరిగిందో చెప్పేవాడు. విప్పి చూస్తే అచ్చం అంతే. వేరే సేట్లు కూడా బండి కొనేముందు ఆయన్ని పిలిపించుకునేవాళ్లు. ఇంతకీ, నడిపేది అమెరికా బండే అయినా ఆయన మాట్లాడేది మా వైపు. "విలాయతి బండికి జబాన్ ఉన్నది. యాడ నొప్పి లేచినా చెప్తది. నాది గొణుగుతది, సమజే కాదు," అనేవాడు. ఆ ఒక్క మాటతో మా పార్టీ ఛాతీలు పొంగిపోయేవి.

అట్లాంటి మనిషి ఒక చలికాలం పొద్దున సాసర్ కింద పెట్టి, "అమెరికా బండే మంచిది. చప్పుడే లేదు. మక్ఖన్, వెన్న లెక్క!" అన్నాడు.

అందరం ముక్కున వేలేసుకున్నాం. ఆ బండి బయట మంచులో నిలబడి, తగరపు డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు మోగుతోంది! నాకు ఒళ్లు మండిపోయింది. "సేటు ఏమన్న మందు పెట్టిండా ఉస్తాద్?" అన్నాను. ఆయన నా వైపు చూసి చల్లగా నవ్వి, ఇంకో గుక్క చాయ్ తాగాడు. ఆ నవ్వుకు ఇంకా మండింది.

అదే రోజుల్లో ఇంకో వింత మొదలైంది. ఉస్తాద్ పేచ్‌కస్ పిడిని చెవికి పెట్టుకోవడం మానేసి, పళ్ల మధ్య కరిచిపట్టుకుని ఇంజన్ పరీక్షించసాగాడు. తీర్పు మాత్రం ఎప్పటిలాగే తప్పేది కాదు. ఇదేదో పెద్ద ఉస్తాదుల విద్య అనుకున్నాం. వారం తిరిగేసరికి స్టేషన్ బయట ఏ బానెట్ లేచినా దాని కింద ఒక డ్రైవర్ పేచ్‌కస్ కొరుకుతూ కనబడేవాడు. నేనూ కొరికాను. పన్ను జివ్వుమనడం తప్ప నాకేమీ తెలియలేదు. అయినా అంతా అర్థమైనట్టు తల ఊపాను, సిగ్గులేని వెధవని.

ఒక మధ్యాహ్నం ఉస్తాద్ తన బండి అద్దం తుడుస్తున్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. నా కోపం ఇంకా చల్లారలేదు. వెనక నిలబడి, "మీ అమెరికా బండి తగరపు డబ్బా ఉస్తాద్! పాత ఇనుపోడు గూడ కొనడు!" అని గట్టిగా అన్నాను. మా హోటల్లో ఆ మాట అన్నవాడు తిట్లు తినకుండా బయటపడడం నేనెన్నడూ చూడలేదు. ఆయన అద్దం తుడుస్తూనే ఉన్నాడు. ఈసారి గొంతు చించుకుని అరిచాను. గోడ మీది కాకి ఎగిరిపోయింది. ఉస్తాద్ తిరగలేదు.

చుట్టు తిరిగి వెళ్లి ఆయన ఎదుట నిలబడ్డాను. ఆయన నా మొహం చూశాడు. సంగతి నాకు తెలిసిపోయిందని గ్రహించి, గుడ్డ మడిచి బానెట్ మీద పెట్టాడు.

"రెండేండ్లు అయితున్నది బేటా," అన్నాడు. "కొంచెం కొంచెం పోయింది. అజాన్ సుత ఇనిపిస్తలేదు. పళ్లతోటి పట్టుకుంటె ఇంజన్ ఒక్కటే లోపలికొస్తది." చిన్న పిల్లాడిలా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, దాపరికం ఎందుకు? "సేటుకు చెప్పకు. స్టీరింగ్ పోతే నేనింకేంది?" అన్నాడు.

"రోడ్డు మీద మనుషులుంటరు ఉస్తాద్. మీరే చెప్పుండ్రి," అని చెవి దగ్గర అరిచాను.

రంజాన్ అయినంక చెప్తానన్నాడు. రంజాన్ అయిపోయింది. బక్రీద్ అయినంక అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. అది తప్పు. ఇవాళ్టికీ తప్పే అంటాను.

అప్పటి నుంచి నా బండి ముందు, ఆయన బండి వెనక. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి సైగ చేసేవాణ్ణి. అరచెయ్యి కిందికి ఊపితే మెల్లగా, పిడికిలి బిగిస్తే ఆగమని. పక్క అద్దంలో దుమ్ము మధ్య ఆయన తెల్లగడ్డం ఊగుతూ వచ్చేది. ఆ నెలలు తలచుకుంటే ఇప్పటికీ నీళ్లలోంచి చూసినట్టుంటుంది. రెండు బండ్ల గాజులు ఒక్కసారే మోగేవి. ఆయనకు వినబడని చప్పుడంతా నేనొక్కణ్ణే వింటున్నాననిపించేది.

లాల్‌దర్వాజాలో ఒక సందులో బస్తాలు దించి ఆయన బండి వెనక్కి తీస్తున్నాడు. ముందున్న నేను అక్కడ ఏం చెయ్యగలను? పెరుగమ్మే ఒకావిడ కుండ దించుకుని, చుట్టకుదురు సరిచేసుకుంటూ గోడవారగా వంగి ఉంది. బండి ఆమె మీదికే వస్తోంది. ఆమె కేక పెట్టింది. సందంతా కేకలు పెట్టింది. ఉస్తాద్ రెండో వైపు చూస్తూ బండి తీస్తూనే ఉన్నాడు. నేను పరిగెత్తి రెండు పిడికిళ్లతో బండి చెక్కల మీద ధనధనా బాదాను. ఆ అదురు ఒంటికి తగిలి బ్రేకు తొక్కాడు. ఆమెకూ బండికీ మధ్య జానెడు సందు మిగిలింది. కుండ పగిలి పెరుగు రాళ్ల మీద పారింది.

ఆమె నోటికొచ్చినట్టు తిట్టింది. ఉస్తాద్ ఆమె పెదవులు చూస్తూ, చేతులు జోడించి నిలబడ్డాడు. జనంలో ఎవడో, "గీ అమెరికా బండ్లే గంత, బ్రేకులు పట్టయి!" అన్నాడు. ఏమంటున్నాడని ఉస్తాద్ నన్నడిగాడు. చెప్పాను.

మర్నాడు పొద్దున హోటల్ నిండా మనుషులుండగా ఆయన లేచి నిలబడ్డాడు. అందరికీ వినబడేలా చెప్పాడు.

"సేటుకు బండి చావి ఇచ్చి వచ్చిన. అమెరికా బండి ఇగ నేను నడప. దానికి బ్రేకు పట్టది. ఈ పోరడు చెప్పిందే నిజం. విలాయతి బండే మంచిది. నేను ఓడిపోయిన."

హోటల్ దద్దరిల్లింది. మా పార్టీ వాళ్లు బల్లలు గుద్దారు, నన్ను భుజాలకెత్తుకున్నారు. ఆ మాట కోసం నేను ఎన్నాళ్లు కొట్లాడాను! ఆ బండి బ్రేకుల్లో ఏ లోపమూ లేదని, ఆయన ఇక ఏ బండి స్టీరింగూ పట్టడని అక్కడ తెలిసినవాళ్లం ఇద్దరమే. పైనుంచి ఉస్తాద్ వైపు చూశాను. అంత గోలలో ఆయన నిమ్మళంగా కూర్చుని చాయ్ ఊదుకుంటున్నాడు. నా మొహం ఏడుపుకు తిరగడం చూసి, నవ్వమని కనుబొమలతో సైగ చేశాడు.

నవ్వాను. విలాయతి బండికి జై అని అందరికంటే గట్టిగా అరిచాను, ఆయనకు ఒక్క ముక్క వినబడదని తెలిసే.