బుగ్గల గొప్ప

ఎల్లారెడ్డిలో ఎవరింట్లో పసిబిడ్డ పుట్టినా లక్ష్మీనర్సమ్మ చూడబోయేది. తొట్టెలోకి ఒక్క చూపు చూసి, మూతి విరిచి, "పిల్లనా, పుడకనా?" అనేది. బాలింత కళ్ళనీళ్ళు పెట్టుకుంటే తనకేం సంబంధం? తప్పంతా బాలింత పాలది!

లక్ష్మీనర్సమ్మ వయసంతా బీడీలు చుట్టే చాట ముందే గడిచింది. పెద్దబిడ్డ చిక్కి చిక్కి, ఏడాది నిండకుండానే పోయింది. ఆ పిల్ల ఏడ్చినప్పుడు ఇంట్లో గంజి కూడా లేదు. అప్పటినుంచి పసిబిడ్డ ఏడుపంటే ఆమెకు ఒకటే అర్థం, ఆకలి. ఇంకో అర్థం ఉంటుందంటే వినే చెవులు కావవి.

అలాంటామెకు మనవడు పుట్టాడు. కొడుకు అరుణ్‌కుమార్ దుబాయిలో ఉంటే, కోడలు హారిక ఆమె దగ్గరే ఉండేది. మనవడు సిద్దార్థ పక్క తడిపి ఏడ్చినా పాలసీసానే, ఉక్కపోసి ఏడ్చినా సీసానే, దోమ కుట్టినా సీసానే. హారిక రొమ్ము పట్టబోతే, "ఆ పల్చటి పాలతోని ఏమైతది?" అని డబ్బా పాలు తెప్పించింది. డబ్బా మీద రాసినన్ని చెంచాల పొడే వేయడం పిసినారితనమని ఇంకో రెండు గుమ్మరించి, పైన చక్కెర వేసేది. ఆరో నెల దాటగానే చాయలో ముంచిన బిస్కెట్లు మొదలయ్యాయి.

అరుణ్‌కుమార్ రోజూ వీడియో కాల్ చేసి, "వాని బుగ్గలు చూపియ్యమ్మా" అనేవాడు. పిల్లవాడు నవ్వుతున్నాడో లేదో ఆ మహానుభావుడికి అక్కర్లేదు. అక్కడ తన గదిలో ఉండే తోటివాళ్ళ ముందు గొప్పలు పోవడానికి బుగ్గలు చాలు.

వాడకట్టువాళ్ళకు కళ్ళు లేక కాదు. పసివాడిని దొడ్డుగున్నాడని అంటే దిష్టి కదా, నోరెవరు విప్పుతారు? పక్కింటి కమలవ్వ ఒకసారి, "గింత బరువేందక్కా!" అని నోరు జారింది. ఆమె గడప దాటకముందే నీళ్ళపొయ్యిలో ఉప్పూ మిరపకాయలూ చిటపటలాడాయి.

తొమ్మిదో నెలలో పిల్లవాడు నిద్రలో గురక పెడుతుంటే హారిక భయపడి, కామారెడ్డి దవాఖానకు తీసుకుపోదామంది. నలుగురూ మనవణ్ణి చూస్తారన్న సంబరంతో అత్త కూడా బయల్దేరింది.

డాక్టరమ్మ పిల్లవాణ్ణి తూచి ముఖం చిట్లించింది. "బరువు చాలా ఎక్కువుందమ్మా. చక్కెర, బిస్కెట్లు బంద్ చేయండి. ఏడ్చిన ప్రతిసారీ సీసా పెట్టకండి. కింద వదిలి ఆడించండి. ఇట్లనే పెంచితే రేపు షుగరు, ఊపిరి కష్టాలు వస్తాయి."

లక్ష్మీనర్సమ్మ బస్సెక్కగానే, "దాని కండ్లల్ల మన్ను వొయ్య! ఎంత మాటన్నది!" అని మొదలుపెట్టి ఎల్లారెడ్డి దాకా ఆపలేదు. ఇల్లు చేరగానే మనవడికి తగిలిన డాక్టరమ్మ దిష్టి తీసింది. చదువుకున్నవాళ్ళ దిష్టి గట్టిదట, ఉప్పు రెండు పిడికిళ్ళు పట్టింది! పిల్లవాడు ప్రయాణంలో చిక్కిపోయాడని సీసాలో ఇంకో చెంచా పొడి వేసింది.

"అత్తమ్మా, డాక్టరమ్మ వద్దన్నది గద" అంది హారిక.

"డాక్టరమ్మ తన బిడ్డ ఆకలికి సచ్చిపోతుంటె సూసిందా? నేను సూసిన."



మర్నాడు కమలవ్వ బీడీల చాటతో వచ్చి వాకిట్లో కూచుంది. వెంట మనవరాలు కూడా ఉంది. సిద్దార్థ పుట్టిన నెలలోనే పుట్టిన పిల్ల, లక్ష్మీనర్సమ్మ నోట పుడక అనిపించుకున్న పిల్ల. ఆ పుడక ఒకచోట ఉంటేనా! చాప దాటి, చాట దగ్గరికి పాకి, బీడీలు చుట్టే తునికాకు పీకి, లక్ష్మీనర్సమ్మ ఒళ్ళోకెక్కి దర్జాగా కూచుంది.

చాప మీదున్న సిద్దార్థ అది చూశాడు. నానమ్మ వైపు రెండు చేతులూ చాచాడు. ముందుకు వంగి బోర్లా పడ్డాడు. తల ఎత్తగలిగాడు గానీ పొట్ట కదల్లేదు. ముఖం కందగడ్డయింది. గుక్కపట్టి ఏడ్చాడు.

"ఆకలైంది, సీస తే" అంది లక్ష్మీనర్సమ్మ.

హారిక తెచ్చి ఇచ్చింది. నోట్లో పెడితే వాడు చేత్తో తోసేశాడు. మళ్ళీ పెడితే ముఖం తిప్పుకున్నాడు. ఆ తడి కళ్ళు ఆమె ఒడినే చూస్తున్నాయి.

లక్ష్మీనర్సమ్మ చేయి ఆగిపోయింది. కమలవ్వ తలొంచుకుని ఆకు చుడుతూ ఉంది.

"ఏమే కమలవ్వా, సూస్తున్నవు గద? నోట్లె మాట లేదా?"

"నేనేమంటనక్కా" అంది కమలవ్వ భయంగా.

ఆమె అనలేని మాట లక్ష్మీనర్సమ్మే అంది. "దొడ్డుగయిండు. నా ఒళ్ళెకు రానీకె చాతగానంత దొడ్డుగయిండు నా బిడ్డ."

ఒళ్ళోని పిల్లను కమలవ్వకు అందించి, మోకాళ్ళు పట్టుకుని చాప మీదికి దిగింది. మనవడి చేతికి జానెడు దూరంలో కూచుని, "రా బిడ్డా, రా" అంది. వాడు ఏడుస్తూనే రెండు చేతులూ నేలకానించి బలమంతా పెట్టాడు. రాలేకపోయాడు. హారిక అలవాటుగా సీసా అందించబోతే, అత్త ఆమె చేతిని పక్కకు నెట్టి, "రా నాయనా" అని మళ్ళీ పిలిచింది.