మట్టి గ్రహం మీద రాగి పంట

ఇంగ్లీషు సినిమా చూడాలంటే ఇంగ్లీషు రావాలన్న నియమం ఆ రోజుల్లో మా ఊరు బేరిగైలో ఎవరికీ తెలియదు. మాకు చిన్నాయన ఉన్నాడు, అది చాలు. మా నాన్నకు తమ్ముడు. హోసూరు టాకీసులో అంతరిక్షం సినిమా పడిందంటే నన్ను బస్సెక్కించుకుని తీసుకుపోయేవాడు. ఆయనకు ఇంగ్లీషులో అక్షరం ముక్క రాదు (ఆ సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు). అయినా తెర మీద ఎవరు నోరు తెరిచినా, మా బెంచీ మొత్తానికీ వినబడేలా తెలుగులో కథ చెప్పేవాడు. రెండు గ్రహాలవాళ్ళు ఎందుకు కొట్టుకుంటున్నారని అడిగితే, గట్టు తగాదా అన్నాడు. వాళ్ళు దాయాదులట. తాత పోతూ పోతూ భాగాలు సరిగా పంచలేదట. ముందు వరసలోని పెద్దమనుషులు కూడా వెనక్కి తిరిగి, అయితే తప్పెవరిదని ఆయన్నే అడిగేవారు. మా పొలాలన్నిటి మధ్యా అదే గొడవ కాబట్టి ఆ కథ మీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ రెండు గ్రహాల కథ వరసగా సినిమాలుగా వచ్చేది; మూడో సినిమా చివర హీరోను ఒక మట్టి గ్రహం మీద ఒంటరిగా వదిలేసి రాకెట్టు వెళ్ళిపోయింది. నేను బస్సులో దారిపొడవునా ఏడ్చాను.

"ఏడవద్దమ్మా," అన్నాడు చిన్నాయన. "వానికి ఆడ నీళ్ళు దొరికినాయి. రాగులు చల్లినాడు. పంట కోసుకొని వచ్చేస్తాడు."

ఆ తర్వాతి సినిమా రానేలేదు. పెళ్ళయి కృష్ణగిరికి వచ్చాక కూడా, రోడ్డు పక్కన రాగి చేను కోతకొచ్చి కనిపిస్తే, ఇంకా రాలేదే అనుకునేదాన్ని (మా ఆయనకు చెప్పలేదు, చెప్పుకునే సంగతేనా?).

ఇన్నేళ్ళకు ఆ సినిమాలు మళ్ళీ మొదలుపెట్టారు, అదీ తెలుగు మాటలతో. బేరిగై వెళ్ళి, గులాబీ తోటలో ఉన్న చిన్నాయనను పట్టుబట్టి హోసూరుకు తీసుకెళ్ళాను. దారిలో, ఆ హీరో గుర్తున్నాడా అని అడిగాను.

"యాడ గుర్తుంటాదమ్మా, ఎప్పటి మాట," అన్నాడు. నా మనసు చివుక్కుమంది.

సినిమాలో అన్నీ స్పష్టంగా అర్థమయ్యాయి, అదే వచ్చిన చిక్కు. వాళ్ళు దాయాదులు కారట, గట్టు ఊసే లేదు. ఏదో ఖనిజం కోసం యుద్ధమట. తెర మీదే తెలుగు వినిపిస్తుంటే చిన్నాయనకు కథ చెప్పే పని లేకపోయింది. ఆయన చెప్పని సినిమా ఇంత చప్పగా ఉంటుందని నాకు తెలియదు. సగం అయ్యేసరికి, మా హీరో ఆ మట్టి గ్రహం మీదే ఎప్పుడో చనిపోయాడని ఒక్క ముక్కలో తేల్చేశారు. యాభై దాటినదాన్ని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

చిన్నాయన నావైపు వంగాడు. సినిమాహాల్లో గొంతు తగ్గించడం ఆయన ఇప్పటికీ నేర్చుకోలేదు.

"వీళ్ళకేం తెలుసమ్మా. తొలి ఏడు వానల్లేక పంట పోయింది. మళ్ళీ చల్లినాడు. కోసుకొని వస్తాడు."

ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. నేను కళ్ళు తుడుచుకున్నాను.

ఇంటికి వచ్చాక, సినిమా ఎట్లా ఉందని మా ఆయన అడిగారు. హీరో క్షేమంగానే ఉన్నాడు, ఈ ఏడు వానలు బాగా పడితే వచ్చేస్తాడని చెప్పాను.