మా చెల్లి ఆడని ఫైనల్సు

మొన్న ఆదివారం మా మనవరాలు అన్నం మానేసి ఫోన్లో ఏదో ఇంగ్లీషు సినిమా చూస్తోంటే, తినవే తల్లీ అని కంచం పట్టుకుని దాని వెనకాలే తిరుగుతున్న నేను, ఆ బొమ్మ చూసి ఉన్నచోటే కూలబడిపోయేను. జడంతా టోపీలోకి దోపుకుని మగపిల్లల జట్టులో బంతి వెంట పరిగెడుతున్న ఆ గుంటని నేనెరుగుదును. ముప్పై ఏళ్ల కిందట చోడవరంలో, మా నట్టింట్లో, అద్దెకి తెచ్చిన వీసీపీలో చూసేను.

నా పెళ్లికి ముందు సంగతి. కబడ్డీ జట్టుకి కెప్టెనైన మా అన్నయ్య ఓ వేసవి రాత్రి టీవీతో సహా అన్నీ అద్దెకి తెచ్చి, ఆటల సినిమా అని ఆ క్యాసెట్టు పెట్టేడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! అయినా వీధి వీధంతా వచ్చి కూర్చుంది. పన్నెండో పదమూడో ఏడున్న మా చెల్లయితే టీవీకి ముక్కు ఆనించినంత పని చేసింది. తీరా ఆఖరి ఆట మొదలయ్యేసరికి కరెంటు పోయింది. పొద్దుటికీ రాలేదు, అద్దె సామాను కాస్తా వెళ్లిపోయింది. ఆ పిల్ల గెలిచిందో ఓడిందో తెలీక మా చెల్లి కొన్నాళ్లు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

అప్పటికే అది అన్నయ్య వెనకాల మైదానానికి పోయి కుర్రాళ్లతో కబడ్డీ ఆడేది. సినిమా చూసేక, అన్నయ్య టోపీ ఒకటి ఎత్తుకొచ్చి, జడ అందులో దాచుకుని మరీ కూతకి వెళ్లేది. నాన్నగారి పాత లాగూ కత్తిరించి దానికి నిక్కరు కుట్టింది నేనే. పక్కూరు గోవాడ కుర్రాళ్లకి ఆడపిల్లని పట్టుకోవాలంటే సిగ్గు, పట్టుకోకపోతే పాయింటు పోతుందని ఏడుపు. వాళ్లు తేల్చుకునేలోపల ఇది ఇద్దర్ని తాకి గీత దాటి వచ్చేసేది. పైగా "ఏట్రా సూస్తన్నారు, పట్టండ్రా!" అని వాళ్ల మీదే అరిచేది. మేం నవ్వలేక చచ్చేవాళ్లం.

ఆ ఏడు మా ఊరి తీర్థం జాతరకి కబడ్డీ పోటీలు పెట్టేరు. మావాళ్లు గెలుచుకుంటూ వెళ్లేరు, గోవాడ వాళ్లతో ఫైనల్సు పడింది. మొదటి కూత నీదే అని అన్నయ్య చెప్పేడు దానికి. టోపీ తలకింద పెట్టుకుని పడుకుంది పిచ్చిది. ఫైనల్సు రోజు పొద్దున్నే పెద్దమనిషయింది.

అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గది మూల తాటాకు చాప వేసి కూర్చోబెట్టేసింది. గడప దాటకూడదు, మగవాళ్ల కంట పడకూడదు. నువ్వులూ బెల్లం వేసి చిమ్మిలి దంచేరు, పేరంటాళ్లని పిలిచేరు, మధ్యాహ్నానికల్లా అరుగు మీద మైకుసెట్టు మోగడం మొదలెట్టింది. సినిమాలో పిల్ల తను ఆడపిల్లనన్న సంగతి టోపీ కింద దాచుకుంది; మా చెల్లి సంగతి మేం మైకు పెట్టి ఊరంతటికీ చెప్పేం. పాటకీ పాటకీ మధ్యన మైదానంలోంచి విజిలు వినపడేది. వినపడినప్పుడల్లా అది చాప మీంచి సగం లేచి, గుమ్మంకేసి చూసి, మళ్లీ కూర్చునేది. "ఒక్క కూతకెళ్లి వచ్చేస్తానే అక్కా" అని నా చెయ్యి పట్టుకుంది. బయట అరుగు నిండా అమ్మలక్కలు. ఎలా వెళ్తుంది నా తల్లి!

సాయంత్రం అన్నయ్య వచ్చి, గడప అవతలే నిలబడి, ఓడిపోయేమే అని గోడకేసి చూస్తూ చెప్పేడు. నిన్నటిదాకా దాన్ని ఒసే అని కేకేసిన కుర్రాళ్లు మా వాకిట్లో చిమ్మిలి తిని, తలలొంచుకుని వెళ్లిపోయేరు.

వేడుకలన్నీ అయ్యేక దాన్ని ఎవరూ ఆడొద్దనలేదు. అదే నాకు కడుపు కోసేసే సంగతి. వద్దంటే పోట్లాడి ఉండేది, నోరున్న పిల్ల. కానీ రమ్మని కూడా ఎవరూ పిలవలేదు. సాయంత్రమయ్యేసరికి అరుగు మీద కూర్చుని ఎదురుచూసేది. కుర్రాళ్లు మా వీధి మానేసి వెనక సందులోంచి పోయేవారు. ఆ తరవాత వోణీలొచ్చేయి, నేను కుట్టిన నిక్కరు వంటింట్లో మసిగుడ్డయింది.

మొన్న ఆ సినిమా ఆఖరిదాకా చూసి, దేవరాపల్లిలో ఉన్న చెల్లికి ఫోను చేసేను. దానికిప్పుడు కోడలు, పాడి, మోకాళ్ల నొప్పులు. గుర్తుంటుందో లేదో అనుకుంటూనే, మనింట్లో కరెంటు పోయిన సినిమా చూసేనే అన్నాను. ఇంకో మాట అననివ్వలేదు.

"గెలిసిందా అక్కా ఆ గుంట?" అంది.

గెలిచిందే అన్నాను. అవతల గేదె అరుస్తోంది, అయినా అది ఫోను పెట్టలేదు.

ఇప్పుడు ఆడపిల్లలకి వేరే జట్లున్నాయి, బూట్లున్నాయి, మైదానం దాకా బండి మీద దిగబెట్టే తండ్రులున్నారు. చూస్తే కడుపు నిండుతుంది, అబద్ధమెందుకూ. మా చెల్లి మాత్రం నా కళ్లకి ఇంకా ఆ చాప మీంచి సగం లేచే కనపడుతుంది. రోజులు మారేయి, కాదనను. దాని ఈడుకి మారలేదు, అదే నా ఏడుపు.