బాలింతకి గాలి తగలకూడదని మూసిన కన్నం

ఆ రోజు ఉదయం పాపకి పాలిస్తుంటే కణతలు ఎవరో పట్టి నొక్కినట్టయింది. ఒళ్లో పాప రాయిలా బరువనిపించింది. వంటింట్లోంచి మా అమ్మ, "బాలింత తలనొప్పేలేవే. వెల్లుల్లి కారం వేసుకుని నాలుగు ముద్దలు తిను, అదే పోద్ది" అంది. నా చెవుల్లో దూది పెట్టి తలకి గుడ్డ బిగించి కట్టింది. ఎనభైల మొదట్లో, మిషిగన్‌లోని ట్రాయ్‌లో, నడి చలికాలం. పాప కెజియా పుట్టి ఇంకా నెల నిండలేదు.

అమ్మ నాకు పురుడు పోయడానికి ఒంగోలు నుంచి వచ్చింది. బాలింతకీ పసిగుడ్డుకీ గాలి సోకకూడదు అన్నది, బైబిలు తర్వాత ఆవిడకి అంతటి శాసనం. మా ఆయన శామ్యూల్ కార్ల కంపెనీలో ఇంజనీరు. ఇంధనం ధరలకి జడిసి ఊరంతా ఇళ్ల సందులు మూసుకుంటున్న రోజులవి. ఆయన కూడా కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ షీటు బిగించాడు.

ఫర్నేస్ పెట్టుకోవడానికి మా ఇంటికి నేల కింద బేస్‌మెంట్ లేదు. పడకగది పక్కనే చిన్న గదిలో గ్యాస్ ఫర్నేస్ ఉండేది. ఇల్లంతటికీ వేడి దానిదే. ఆ గది గోడలో బయటికి ఒక గొట్టం ఉంది. ఫర్నేస్‌లో మంటకి కావలసిన గాలి అందులోంచే రావాలి. అమ్మకి మాత్రం అది మంచుగాలి కొట్టే కన్నం. "ఎవడు కట్టాడో గానీ మతిలేనోడు! బాలింత గది పక్కన ఇంత కన్నమా?" అనుకుని పాత నేతచీర ఉండచుట్టి అందులో కుక్కేసింది. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది.

వారమంతా ఇంట్లో అందరికీ తలనొప్పి, వికారం. శామ్యూల్‌కి ఆఫీస్‌కి వెళ్లాక తగ్గేది. చెకప్‌కని నేను బయటికి వెళ్తే కార్‌లోనే తల తేలికపడింది. డాక్టర్, "ఫ్లూ తిరుగుతోంది. పైగా మీకు నిద్ర లేదు. కొత్త తల్లులకి మామూలే" అన్నాడు. ఇంటికొచ్చి కోటు విప్పిన కాసేపటికే నొప్పి మళ్లీ మొదలైంది. "చూశావా, గడప దాటావు, గాలి సోకింది" అంది అమ్మ. ఏం జరిగినా ఆవిడ లెక్కకి సరిపోయేది. పైగా దుప్పటి తెచ్చి తలుపు కింద సందు కూడా మూసింది.

ఒక మధ్యాహ్నం అమ్మ తాలింపు వేస్తూ ఘాటు పోవడానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టింది. కాసేపటికి గిన్నె పడ్డ చప్పుడైంది. వెళ్లి చూస్తే అమ్మ నేల మీద ఉంది. పిలిస్తే పలకలేదు. పాపని ఎత్తుకుంటే మెడ వాల్చేసింది, ఏడవలేదు. స్టవ్ ఆపి, తూలుకుంటూ, తలుపు బార్లా తెరిచి, చెప్పుల్లేకుండా మంచులో ఎదురింటికి వెళ్లాను. ఆ ఇంటావిడ అంబులెన్స్‌కి ఫోన్ చేసింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉందా? మీకు హీటింగ్ దేంతో?" అని మమ్మల్ని అడిగిన మొదటి మనిషి ఎమర్జెన్సీ రూమ్‌లోని డాక్టరమ్మ. రక్తం తీసి, అందులో విషవాయువు ఎంత పట్టిందో చెప్పే కార్బాక్సీహీమోగ్లోబిన్ చూశారు. "కార్బన్ మోనాక్సైడ్. దీనికి వాసన ఉండదు, మీకెలా తెలుస్తుంది?" అందావిడ. అమ్మకీ నాకూ ఆక్సిజన్ మాస్కులు, పాప తల చుట్టూ ఆక్సిజన్ హుడ్. ఆ హుడ్‌లోంచి పాప ఏడుపు వినిపించాక గానీ నాకు ఊపిరాడలేదు.

గ్యాస్ కంపెనీవాళ్లు ఫర్నేస్ ఆపేసి, గొట్టంలోంచి అమ్మ నేతచీర బయటికి లాగారు. గాలి చాలక మంట సరిగా మండలేదట. వంటింటి ఫ్యాన్ ఇంట్లో గాలిని బయటికి లాగుతుంటే, చిమ్నీలోంచి పోవలసిన పొగ వెనక్కి ఇంట్లోకే దిగిందట. "ఇంజన్‌లోకి ఎంత గాలి పోవాలో రోజంతా లెక్కలు కడతాను. నా ఇంట్లో మంటకి గాలి కావాలని తట్టలేదే!" అని శామ్యూల్ తల పట్టుకున్నాడు.

అమ్మ కోలుకుంది. ఇంటికొచ్చి వంట చేసింది, పాపకి నీళ్లు పోసింది. తెలుగు చర్చివాళ్లు వచ్చి కృతజ్ఞతా ప్రార్థన పెట్టారు. గండం గడిచిందనుకున్నాం. కొన్ని వారాల తర్వాత, కాళ్ల మీద పాపని పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తూ అమ్మ ఆగిపోయింది. చెంబు చేతిలో అలాగే ఉంది. "పొయ్యవే అమ్మా, పిల్ల వణుకుతోంది" అన్నాను. నా వంక చూసింది గానీ చేతిలో చెంబు ఎందుకుందో ఆవిడకి తెలియలేదు.

తర్వాత నడక చిన్న చిన్న అడుగులైంది. బట్టలు తడుపుకునేది. న్యూరాలజిస్ట్ సీటీ స్కాన్ చూసి, "ఇది ఆ గ్యాస్ డిలేడ్ ఎఫెక్ట్. బాగైనట్టు కనిపించాక దెబ్బతీస్తుంది. కొందరు తేరుకుంటారు. ఈమె ఎంతవరకు తేరుకుంటుందో నేను చెప్పలేను" అన్నాడు. నాకు అందరి మీదా కోపం వచ్చింది. ఫ్లూ అన్న డాక్టర్ మీద, దేవుడి మీద, అందరికన్నా ఎక్కువ అమ్మ మీద. పిచ్చి ప్రేమ అంటారే, అది చేసిన పనే ఇది.

ఇది రాస్తున్న ఈ ఎనభైల చివర్లో కెజియా స్కూల్‌కి వెళ్తోంది. ఏ లోపం లేదు, నోరు మాత్రం కాస్త ఎక్కువ. అమ్మ మా దగ్గరే ఉంది. తన అన్నం తను తింటుంది, పట్టుకుంటే నడుస్తుంది. పాత కీర్తనలు చరణాలతో సహా పాడుతుంది. నేను తల దువ్వుతుంటే మాత్రం, "మీరెవరి తాలూకండీ? చాలా మంచోళ్లు" అంటుంది. "అమ్మమ్మా, తను నీ డాటర్!" అని కెజియా అరుస్తుంది. అమ్మ మర్యాదగా నవ్వుతుంది.

చదివేవాళ్లకి ఒక్క మాట. ఇంట్లో ఉంటే వచ్చి, బయటికెళ్తే తగ్గే తలనొప్పి ఉంటే ముందు అందరూ బయటపడండి, ఫోన్ పక్కింట్లోంచి చేయవచ్చు. చలికాలం రాకముందే ఫర్నేస్, చిమ్నీ పరీక్ష చేయించండి. గాలి గొట్టం ఎంత చలి తెచ్చినా మూయకండి. ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే, వచ్చిన రోజే ఆ గొట్టం దగ్గరికి తీసుకెళ్లి అది ఎందుకుందో తెలుగులో విడమర్చి చెప్పండి. మా అమ్మకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా అర్థం కాదు.