చీనీ తోటలో ల్యాప్‌టాప్

మొన్న మనవరాలికి కంప్యూటరు కొందామని అనంతపురంలో ఒక దుకాణానికి వెళితే, అక్కడ అమ్మే మనిషి డెస్క్‌టాప్‌ను, ల్యాప్‌టాప్‌ను పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ ఒకే పేరున్న ప్రాసెసరు ఉంది సార్, అంకె చూస్తే ల్యాప్‌టాప్‌దే ఎక్కువ, ఇక ఆలోచించేదేముంది అన్నాడు. పేరు ఒకటైతే పని ఒకటవుతుందా, ఆ వేగం ఎంతసేపు నిలుస్తుంది, వేడెక్కితే ఏమవుతుంది, ఛార్జరు తీసేస్తే ఏమవుతుంది అని నేను అడిగేకొద్దీ అతని మొహంలో నవ్వు పలచబడింది. చివరికి, అందరూ ఇదే తీసుకుంటున్నారు సార్ అన్నాడు. అందరూ చేస్తున్నారు గనక అనే వాదనతో జీవితమంతా పోట్లాడినవాణ్ణి, నాకు ఒళ్లు మండడానికి ఆ ఒక్క మాట చాలు. గొంతు పెంచాను. మనవరాలు చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. అంత చిన్నదానికి అంత కోపమెందుకు తాతా అంది. చిన్నది కాదమ్మా అన్నాను గాని, ఎందుకు కాదో ఆ పిల్లకు చెప్పలేకపోయాను. నా ఈడువాళ్లకైతే చెప్పవచ్చు.

రెండువేలు దాటిన తొలి ఏళ్ల మాట. వరసగా వానలు మొహం చాటేసి, చెరువుల అడుగున పిల్లలు క్రికెట్ ఆడుకున్న ఆ ఏళ్లు మీకు గుర్తుండే ఉంటాయి. నేనప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థలో భూగర్భజలాల సర్వే పని చూసేవాణ్ణి. చేనిలో ఇనుప కడ్డీలు వరసగా కొట్టి, వాటి గుండా కరెంటు పంపి, నేల ఎక్కడ ఎంత అడ్డు పడుతున్నదో రాసుకుని, ఆ అంకెల్ని కంప్యూటరుకు ఇస్తే, ఏ లోతులో గట్టిరాయి ఉందో, ఎక్కడ చీలికలుండే అవకాశముందో అది అంచనా కట్టేది. మా ఊళ్లలో దానికి పోటీ టెంకాయ. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరిగితే, అది ఎక్కడ లేచి నిలబడితే అక్కడ నీళ్లున్నట్టు. ఈ టెంకాయ మీద నేను ఊరూరా సభలు పెట్టి మాట్లాడాను. ఆనాటి జనం కూడా ఊరికే వినేవాళ్లు కాదు. మధ్యలో లేచి, ఏమప్పా, మీ కడ్డీలు కొట్టిన చోట ఎన్ని బోర్లు ఫెయిలైనాయో అదీ చెప్పు అని నిలదీసేవాళ్లు. మేము తప్పిన బోర్లను కూడా రాసిపెట్టేవాళ్లం గనక తడుముకోకుండా చెప్పేవాణ్ణి. ఆ గొడవంటే నాకు ప్రాణం.

ఆఫీసులో మాకొక డెస్క్‌టాప్ ఉండేది. సగం బల్ల ఆక్రమించిన మానిటరు, బల్ల కింద రోజంతా హోరుమనే పెట్టె. ఒక చేని లెక్క తేల్చడానికి దానికి అరగంట పట్టేది. కంప్యూటరు మొదట ఒక ఊహ చేసి, దాన్ని మా అంకెలతో పోల్చి, సరిదిద్ది, మళ్లీ పోల్చి, అలా ఇరవై ముప్పై చుట్లు తిరిగి ఒక జవాబుకు వచ్చేది. అంతలో మా డైరెక్టరుగారు ఒక ల్యాప్‌టాప్ తెప్పించారు. ఆ రోజుల్లో ల్యాప్‌టాప్ అంటే దాన్ని చూడడానికే పక్క ఆఫీసులవాళ్లు వచ్చేవారు. డెస్క్‌టాప్ ప్రాసెసరు వేగం ఒకటి పాయింట్ ఎనిమిది గిగాహెర్ట్జ్. కొత్తదాని మీద అంటించిన కాగితంలో రెండు అని ఉంది. రెండు పెద్దది, ఒకటి పాయింట్ ఎనిమిది చిన్నది, కాబట్టి కొత్తది ఇంకా తొందరగా లెక్క చేస్తుంది. ఇదీ నా తర్కం. ఒకే చేని అంకెల్ని రెండింటికీ ఇచ్చి, గడియారం ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక పూటలో తేలిపోయే విషయం. నేను కూర్చోలేదు.

శింగనమల దగ్గరి పల్లెలో మా చిన్నాయన కొడుకు, నాకు తమ్ముడు, నాలుగెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట, పెట్టుకున్నాడు. మంచి కాపు మీదున్న చెట్లు. ఉన్న బోరు ఎండిపోయింది. వాడి శక్తికి ఇంకొక్క బోరు వేయించగలడు, రెండోది వేయించలేడు. అది పడితే తోట నిలుస్తుంది, పడకపోతే గొడ్డలి. మా మరదలి మేనమామ అప్పటికే టెంకాయ పట్టి, దక్షిణపు గట్టు దగ్గర సున్నంతో గుర్తు పెట్టిపోయాడు. అయినా తమ్ముడు నాకు కబురు పంపాడు. వానికి నా మాట మీద అంత గురి.

మామూలుగా మేము అంకెలు రాసుకుని ఆఫీసుకు తెచ్చి, మరునాడు ఫలితం చెప్పేవాళ్లం. ఆ రోజు మాత్రం నేను ల్యాప్‌టాప్ సంకన పెట్టుకుని బస్సెక్కాను. మధ్యాహ్నానికి బోరు బండి వస్తుంది, ఊరంతా చూస్తూ ఉంటుంది, అందరి ఎదుట అక్కడికక్కడే లెక్క తేల్చి టెంకాయ నోరు మూయించాలి. అంత కోరిక.

పొద్దున్నుంచి కడ్డీలు కొట్టి అంకెలు రాసుకుని, మధ్యాహ్నం కావస్తుండగా చేని గట్టున వేపచెట్టు కింద ల్యాప్‌టాప్ తెరిచి, వాటిని ఎక్కించి లెక్క మొదలుపెట్టాను. తమ్ముడు పక్కన గొంతుక్కూర్చుని కాసేపు చూసి అడిగాడు.

"అన్నా, దీనికి కరెంటు యాడిది?"

బ్యాటరీ ఉందన్నాను.

"మన మోటారు మింద అయిదు హార్స్‌పవర్ అని రాసుంటాది గదా. లో వోల్టేజీ వచ్చినప్పుడు అది గుర్రమా, గాడిదా? ఇదీ అంతేనేమో సూడన్నా."

నేను పెద్దగా నవ్వాను. నవ్వి, మోటారు వేరు, ప్రాసెసరు వేరు అని వానికి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ప్రశ్నించండి, ప్రశ్నించండి అని ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి, ఆ రోజు ఆ చేనిలో ఎవరైనా అడగవలసిన ఒకే ఒక్క ప్రశ్నను నవ్వి పక్కన పడేశాను.

బండి వచ్చింది. తమిళనాడు మనుషులు, వాళ్లకు టైమే బంగారం. ఎంతసేపని అడిగితే అరగంట అన్నాను. అరగంట గడిచేసరికి తెర మీద అయిదో చుట్టు నడుస్తున్నది. మళ్లీ అడిగితే మళ్లీ అరగంటే అన్నాను. వడగాలి కొడుతున్నది, పెట్టె అడుగు పెనంలా కాలుతున్నది, లోపలి ఫ్యాను ఊపిరాడనట్టు ఊదుతున్నది. పక్క చేని రైతు, కావాలంటే బండిని ఈరోజు మాకు పంపండి, మీరు రేపు తెచ్చుకోండి అన్నాడు. తమ్ముడు నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఒక్క మాట చెప్పన్నా. రేపంటే రేపే, నాకేం తొందర లేదు. ఈపొద్దు అయితాదా, కాదా?"

నాకు తెలియదు. నిజంగా తెలియదు. కాని ఊరంతా చూస్తున్నది.

"అయిపోతుంది. అరగంట" అన్నాను.

మరదలి మేనమామ గట్టున కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు. "ఏమప్పా, మా టెంకాయ ఎప్పుడో లేచి నిలబడింది. మీది ఇంకా పండుకోనే ఉండాదే" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంకోసారి అయితే నేనూ నవ్వేవాణ్ణి.

పక్క చేని రైతు విసిగి వెళ్లిపోయాడు. పదకొండో చుట్టులో బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది. బండివాళ్లు, ఈ ఊళ్లో మాకు వేరే పని లేదు, వేస్తే ఇప్పుడే, లేదంటే మళ్లీ నెల తర్వాతే అన్నారు. ఆ చెట్లు నెల రోజులు ఆగవు. తమ్ముడు నావైపు చూడకుండా నడుచుకుంటూ పోయి సున్నపు గుర్తు మీద నిలబడి, బండిని రమ్మని చెయ్యి ఊపాడు. పొద్దు వాలేదాకా తెల్లటి రాతిపొడి లేచి చీనీ ఆకుల మీద పడుతూనే ఉంది. తడి మాత్రం తగల్లేదు.

మరునాడు ఆఫీసులో ఆ పాత డెస్క్‌టాప్ అవే అంకెల్ని తీసుకుని, ఎప్పటిలాగే అరగంటలో తేల్చింది. ఉత్తరపు మూల అంది. అప్పుడు, అన్నీ అయిపోయాక, నేను పరీక్షకు కూర్చున్నాను. బ్యాటరీ మీద ఉంటే ల్యాప్‌టాప్ ప్రాసెసరు ఛార్జి మిగుల్చుకోవడానికి తన వేగాన్ని తానే సుమారు సగానికి తగ్గించుకుంటుంది. వేడెక్కాక ఆ ఇరుకు పెట్టెలో ఊపిరి తీసుకోలేక అందులోనూ సగమవుతుంది, కరెంటుకు తగిలించినా ఆ వేడి తప్పదు. దాని హార్డ్‌డిస్కూ నిదానమే. కాగితం మీది రెండు అబద్ధం కాదు. అది చల్లగా, కరెంటుతో, కొద్దిసేపు పరుగెత్తినప్పటి మాట. ఇదంతా మా తమ్ముడు లో వోల్టేజీ అన్న రెండు మాటల్లో ముందే చెప్పాడు. టెంకాయను నమ్మినవాళ్లకూ, పరీక్షించకుండా అంకెను నమ్మిన నాకూ తేడా ఏమిటని నన్ను నేను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. ఉత్తరపు మూలలో నీళ్లుండేవా అంటే, అదీ నాకు తెలియదు. అక్కడ ఎవరూ బోరు వేయలేదు.

చెట్లు కొట్టించిన రోజు వెళ్లాను. తమ్ముడు అరవలేదు, తిట్టలేదు. "తెలీదని ఒక్క మాట చెప్పింటే, ఆపొద్దు బండిని పక్క చేనికి పంపించింటి గదన్నా" అన్నాడు, అంతే.

ఇప్పుడు ఆనాటి లెక్కను ఏ ల్యాప్‌టాప్ అయినా, బ్యాటరీ మీదైనా, మనం టీ తాగేలోపు తేలుస్తుంది. టెంకాయలూ పోలేదు, అవి పట్టేవాళ్లు బోర్లు వేసే చోటికి కార్లలో వస్తున్నారు. పోయినవి ఆ సభలు, ఆ నిలదీతలు. ఎక్కడ మాట్లాడినా జనం బుద్ధిగా తలూపి, ఒక ఫోటో తీసుకుని వెళ్లిపోతున్నారు. తిట్టినా బాగుండుననిపిస్తుంది.

పోయిన వేసవిలో ఆ పల్లెకు వెళితే, తమ్ముడు అదే చేనిలో మళ్లీ బోరు వేయిస్తున్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు. నీడకు కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి, మోకాళ్ల నొప్పులకు మందులు వాడతాండావా అని అడిగి, తన నొప్పుల సంగతీ చెప్పి, ఎండలోకి రావద్దన్నా అని బండి దగ్గరికి పోయాడు. బోరు ఎక్కడ వేయమంటావని మాత్రం అడగలేదు.