నేను నిజం చెప్పాక

ఏన్కూరు దాటి అడవి మొదలయ్యే చోట మా ఊరు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సర్పంచిగా నిలబడ్డాను. ప్రచారం చివరి రోజు ప్రత్యర్థి మైకులో అన్నాడు: "ముప్పై ఆరేండ్లొచ్చినయ్. పెండ్లెందుకు చేసుకోలేదో చెప్పమనుండ్రి!"

జనం నవ్వారు. నేను వెళ్లి మైకు అందుకున్నాను. "నాకు ఆడోళ్ల మీద మనసు పోదు, మగోళ్ల మీదనే పోతది. గందుకే చేసుకోలే. ఇంకేమన్న అడిగేదుందా?"

మైకు తిరిగిచ్చి వచ్చేశాను. కొద్ది ఓట్ల తేడాతో గెలిచాను. "గంత మాటే దాయనోడు, బోరు పైసల లెక్కేం దాస్తడు?" అని మా వీధి ముసలమ్మ అందరికీ చెప్పిందట.

జూలూరుపాడు దగ్గర బడిలో టీచరుగా చేసే అతను అప్పటికి ఐదేళ్లుగా ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చేవాడు. ఊరికి అతను నా దోస్తు, అంతే. నేను మైకు పట్టుకున్నాక అతను బస్సు దిగితే చాలు, హోటల్ ముందు కూర్చున్నవాళ్లు మాటలు ఆపేవారు. నా బండెక్కడం మానేసి నడిచొచ్చేవాడు. సర్పంచి ఇల్లు కదా, తలుపు వేసుకుంటే ఒక మాట, తీసి ఉంచితే జనం.

ఒక ఆదివారం ఇద్దరం అన్నం తింటుంటే, రేషన్ కార్డు దరఖాస్తు మీద సంతకానికి ఒకామె వచ్చింది. రెండు కంచాల వైపు చూసింది. "మళ్లొస్త తియ్ సారూ," అని గుమ్మంలోంచే వెళ్లిపోయింది.

అతను సగంలో చెయ్యి కడుక్కున్నాడు. "ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్న. భద్రాచలం అవతల. నువ్వు గూడ రా."

"సర్పంచిని, ఊరిడిసి ఎట్లొస్త? రాజీనామా చేస్తే, వీణ్ణి గెలిపించుడే తప్పాయె అంటరు."

"నీ సంగతి నువ్వు చెప్పుకున్నవ్, మంచిదే. నన్నొక్క మాటన్న అడిగినవా?"

అడగలేదు. ఆ రోజు చెప్తున్నది నా ఒక్కడి గురించేననుకున్నాను.

ఏడాది తర్వాత మీటింగుకని భద్రాచలం వెళ్లి, అక్కడినుంచి అతని బడికి పోయాను. తోటి టీచర్లకు నన్ను చూపించి, "మా పెద్దమ్మ కొడుకు," అన్నాడు. అతని చూపు నా నోటి మీదే ఉంది.

"అవ్," అన్నాను. "తమ్ముడిని చూసిపోదామని వచ్చిన."

బస్సు టైమయిందని చెప్పి లేచాను. అతను గేటు దాకా కూడా రాలేదు.

ఐదేళ్లూ పూర్తిచేశాను. మళ్లీ నిలబడమన్నారు. నిలబడ్డాను. అప్పటికి నాకు వేరే ఏ పనీ, ఏ ఇల్లూ మిగల్లేదు.