అతుకు కింద వేలు

మా అక్కను వీధంతా కుళాయక్క అంటారు. కుళాయిల పని నాన్న దగ్గరే నేర్చుకుంది. కాకపోతే ఆయనకు ఎదురుగా కూర్చుని చూసింది కాబట్టి, పైపు మరలకు తెల్ల టేపు చుట్టే తీరు తనకు తిరగేసి కనిపించింది. అలాగే చుట్టింది. బిగించేటప్పుడు టేపు ఊడొచ్చి, మొట్టమొదట పనికెళ్లిన పక్కింట్లో వంటగది మడుగైపోయింది.

ఇరవై ఏళ్లుగా అదే తన వృత్తి. ఇప్పుడు చేతిలో తప్పు లేదు కానీ మనసుకు నిలకడ లేదు. పని ముగించి గేటు దాకా వెళ్తుంది, మళ్లీ చెప్పులు విప్పి లోపలికొచ్చి పైపు అతుకు కింద వేలు పెట్టి తడి ఉందేమో చూస్తుంది.

"ఇక్కడే కాపురం పెట్టేస్తావా ఏంటి, కుళాయక్కా?" అని జనం ఆటపట్టిస్తారు. ఉడుక్కుంటుంది, వేలు మాత్రం తీయదు.

మొన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, నాన్న ఇంట్లో స్నానాలగది కుళాయి మార్చింది.

"నీ పని మీద నాకు అనుమానమేంటే? వెళ్లిరా," అన్నాడాయన.

వీధి మలుపు దాకా వచ్చామో లేదో, నన్ను నడిరోడ్డు మీద వదిలేసి వెనక్కి పరిగెత్తింది. తిట్టుకుంటూ నేనూ వెళ్లాను.

కుళాయి ముందు నాన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయన వేలు అతుకు కిందే ఉంది.

"పొడిగానే ఉందే," అన్నాడు తల తిప్పకుండా.

"జరుగు నాన్నా, నేనూ చూస్తాను," అంది అక్క.